ఖాళీ కుర్చీకి మొదటి ప్లేటు

శుక్రవారం, రిగ్గై, కువైట్

మా బాప్టిస్టు సంఘం వార్షికోత్సవంలో మొదటి ప్లేటు బిర్యానీ ఏటా ఖాళీ కుర్చీలో పెడతాం, సెలవు దొరకని పనివాళ్ళ కోసం. ఈ ఆచారం నా ప్రేమలోంచి పుట్టిందని పాస్టరుగారు ఇవాళ కూడా చెప్పారు.

పుట్టింది నా అబద్ధంలోంచి. సల్వాలో ఇంటిపని చేసే సునీత ఆ మొదటి ఏడు ఫోన్ చేసి, "మామా సెలవిచ్చింది, బయల్దేరేనక్కా" అంది. మామా అంటే తన యజమానురాలు. తనొస్తే ప్రత్యేక పాట నాతో కాక తనతోనే పాడిస్తారు. "కూడిక అయిపోయింది, రాకు" అన్నాను. పాస్టరుగారు అడిగితే, "పాపం, సెలవు దొరకలేదు, దాని ప్లేటు ఉంచుదాం" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

ఇవాళ సునీత వచ్చింది. ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. నేను వడ్డిస్తుంటే నెమ్మదిగా అంది: "ఆ రోజు గేటు దాకా వచ్చేసేనక్కా. లోపల మీ పాట ఇనపడింది."

తర్వాత అందరికీ వినబడేలా, "ఇంకొంచెం పెట్టండక్కా" అంది.

పెట్టాను.