తలుపుకు పెట్టిన బొట్టు

2009 జూలై 27, సోమవారం
నేను, సుబ్బరత్నమ్మ. డెబ్బై నాలుగేండ్లు. కడపలో మా కిరాణా అంగడి ఎనకే ఇల్లు. ఇంట్లో మా ఆయన, కొడుకు, కోడలు, మనవరాలు హారిక. నాకు అక్షరం రాదు. రాసేది పక్కింటి షాహీన్. చెప్పింది చెప్పినట్టు రాయాల, నవ్వకుండా.
ఫిర్యాదు హారిక మీద. మనుషుల్తో మాట్లాడదు. కంప్యూటర్లో బొమ్మలు గీసి పెడ్తాది — అలికిడైతే దాక్కునే పిల్ల కథలు. లోకమంతా చూసి నవ్వుతాందంట.
ఎవుర్ని చూసి?

28, మంగళవారం
షాహీన్‌తో చదివించుకున్నా. ఫోను మోగితే పిల్ల మంచం కింద. ఆగినాక "ఏం పని?" అని మెసేజి. చుట్టాలొస్తే బియ్యం మూట ఎనక. మాట్లాడనోళ్లంతా తెలివైనోళ్లు, ముద్దుగా ఉంటారు. మాట్లాడేటోళ్లకు మొగమంతా నోరే. ఇదేం న్యాయం? అందులో ముసలిదాని ముక్కుపుడక... నాదే.
"నువ్వు కాదులే అవ్వా" అనింది షాహీన్.
చదివింది ఒక మాట, నవ్వింది నాలుగు మాటలకు. ఏదో చదవకుండా మింగింది.

29, బుధవారం
శుక్రవారం వరలక్ష్మి పేరంటం. నాకు మోకాళ్ల నొప్పి, కోడలికి అంగడి పని. మధ్యాన్నం హారిక చేతికి కుంకుమ భరిణె ఇచ్చినా — ఇరవై ఇండ్లు, బొట్టు పెట్టి పిల్చి రా అని.
అరగంటలో వచ్చేసింది! నాకు ఒక్కింటికే చాలదు అరగంట.

30, గురువారం
అనుకున్నంతా అయింది. ఎదురింటి రాజమ్మ — "ఏం రత్నమ్మక్కా, మేము ఇంట్లో ఉండంగానే తలుపుకు బొట్టు పెట్టిచ్చినావే?"
తాళమేసిన ఇంటికి గదా తలుపుకు పెట్టేది! అందరూ కునుకు తీసే వేళ చూసి పోయినాది, దొంగది. ఇరవై తలుపులకూ అంతే. ఏటేటా నా పేరంటంలో కూర్చునే చోటుండదు. రేపు ఒక్కరన్నా వస్తారా?
"నోరు లేదా మే నీకు?"
"ఉండాది. రమ్మని చెప్తే పోనీరు గదవ్వా. పెండ్లెప్పుడని పట్టుకుంటారు."
అందర్నీ నేను అడిగేదీ అదే.

సాయంత్రం —
ఇద్దరమూ మళ్లా పోయినాం. నేను పిలిస్తే, అది బొట్టు పెట్టింది. ఎనిమిదిండ్లకు మోకాళ్లు పట్టేసినాయి. వస్తామన్నారు... మొగం చూడకుండా. ఇంగా పన్నెండు తలుపులు అట్లనే ఉండాయి.

ఇది నేను చెప్పిన మాటే. వేలిముద్ర కుంకుమతో వేసినా. సాక్షి షాహీన్. రెండో సాక్షి హారిక — సంతకం పెట్టమంటే బొమ్మ గీసింది. తలుపు ముందర ముక్కుపుడక ముసలిది, పక్కన పిల్ల. ముసలిదాని నోరు ఈసారి మూసే ఉండాది. నెత్తి మీద మాటలు రాసే గుండ్రం మాత్రం ఖాళీ.
"ఏం రాస్తావు మే దాంట్లో?"
"రేపు చూసి రాస్తా."