లెదర్ సీటు మీద కోడిపుంజు

శుక్రవారం, డిసెంబరు 2004
అరకు

ఆ బెంజి కారు కొనాలా, నా పాత జీపే చాలా అన్నది ఇవాళ తేల్చేద్దామనుకున్నాను. అమ్ముతానన్న విశాఖ డాక్టరు గారు స్వయంగా నడుపుకుంటూ కొండెక్కి వచ్చారు. పదేళ్ల డీజిల్ బండి, తిరిగింది మాత్రం పద్దెనిమిది వేల కిలోమీటర్లే. "నడిపి చూడండి" అని తాళం నా చేతిలో పెట్టి, పక్కన కూర్చున్నారు.

సంతరోజన్న సంగతే మరిచిపోయాను. మలుపులో మా ఊరి సోములమ్మ చెయ్యెత్తింది. జీపు అలవాటు కదా, కాలు దానంతటదే బ్రేకు మీదికెళ్లింది. ఈ దారిలో చెయ్యెత్తిన మనిషిని వదిలేసి వెళితే మళ్లీ ఊళ్లో తలెత్తుకోలేను.

"బేగి ఎక్కండర్రా!" అని సోములమ్మ కేకేసింది. పసుపు కొమ్ముల బుట్టలతో మరో ముగ్గురు ఆడవాళ్లు, ఒక కోడిపుంజు ఎక్కేశారు. తెల్ల లెదర్ సీట్లు పచ్చబడ్డాయి. డాక్టరు గారు జేబులోంచి రుమాలు తీశారు.

"ఏటి బాబూ, ఇంత పెద్ద కార్లో పట్టుకోడానికి ఒక్క కడ్డీ నేదేటి?" అంది సోములమ్మ.

సంతలో వాళ్లు దిగాక అడిగాను, పదేళ్లలో ఇంత తక్కువెలా తిరిగిందని.

ఆయన సీటు తుడుస్తూ, "మా ఆవిణ్ణి కూడా ఆటోలోనే పంపేవాణ్ణండీ" అన్నారు.

కొంటే నేనూ ఇలాగే తయారవుతానేమో! అదే భయం పట్టుకుంది. కానీ ఇంజను చప్పుడే లేదు, ఎంత హాయిగా ఉందో...

కొనాలో వద్దో నేను చెప్పేలోపే, అమ్మాలో వద్దో ఆలోచించుకుంటానని ఆయన వెళ్లిపోయారు. వచ్చే సంతకి కారులో ముందు సీటు తనదేనని సోములమ్మ మాత్రం దిగేటప్పుడే తేల్చేసింది.