నాలుగు వేళ్ళ గాడి

జులై 15, మంగళవారం

ఈరోజూ అదే మాట. వాయిదా కోరుతున్నాం, యువర్ ఆనర్.

నల్లకోటు తొడిగి రెండేళ్ళయింది. కోర్టు హాల్లో ఈ మాట తప్ప నా నోట ఇంకో మాట రాలేదు. మా సీనియర్ జయచంద్ర గారికి రావడం కుదరని కేసుల్లో లేచి వాయిదా అడగడమే నా ఉద్యోగం. బార్ రూములో నన్ను అమల అనరు. వాయిదా పాప అంటారు.

గ్రేసమ్మ అవ్వ కేసుకు ఇది ఆరో వాయిదా. వాళ్ళ కాలనీ నుంచి సమాధుల తోటకు పోయే బండిబాటకు అడ్డంగా పక్క తోటాయన కంచె వేశాడు. ఈడ ఎప్పుడూ బాటే లేదంటాడు. అవ్వ భర్త సమాధి ఆ కంచెకు అవతల ఉంది.

మెట్ల మీద అవ్వ నన్ను ఆపింది. ఏం పాపా, పొద్దున బస్సులో ఆ కండక్టరును ఉతికి ఆరేసినావే, ఆ నోరు ఈడికి వచ్చేతలికి యాడికి పోయింది అని అడిగింది. ముసలామెను చూసి కూడా బస్సు ఆపకపోతే అరవనా మరి? వీధిలో పులిని. కోర్టులో పిల్లిని.

జులై 20, ఆదివారం

తిరుపతి బస్టాండు ఫుట్‌పాత్ మీద కొన్న చిన్న పుస్తకాలు, కరపత్రాలు అట్టపెట్టె నిండా ఉన్నాయి. అవి చదివే లాయర్‌నవుతానని ఇంట్లో పోట్లాడాను. ఇవాళ మళ్ళీ అన్నీ తిరగేశాను. హక్కుల గురించి ఉంది. పోరాటం గురించి ఉంది. జడ్జి తలెత్తి చూసినప్పుడు నోట మాట రాకపోతే ఏం చేయాలో ఒక్కదాంట్లోనూ లేదు.

కోపం వచ్చి పెట్టెను తన్నాను. కాలివేలు వాచింది.

ఆగస్టు 3, ఆదివారం

ఆ బాట ఎలా ఉంటుందో నేనింతవరకు చూడనే లేదు! సిగ్గేసి, నాయనను వెంటబెట్టుకుని పోయాను. వయసులో ఉన్నప్పుడు నాయన చిత్తూరు మండీకి మామిడికాయల బండి తోలేవాడు.

కంచె దగ్గర నేలకు సమంగా పరుచుకున్న పరుపుబండ ఉంది. నాయన దాని మీద కూర్చుని మట్టిని చేత్తో తుడిచాడు. రాతిలో రెండు గాళ్ళు. నాలుగు వేళ్ళు ఒక గాడిలో పెట్టి చూశాడు. సరిగ్గా పట్టాయి. ఇది బండిచక్రం ఇనుప పట్టా కోసిన గాడమ్మా, రాయి ఇంత అరగాలంటే మా తాత కాలం నుంచి తిరిగుండాల, కంచె ఏసినోడు రాతిని యాడ దాస్తాడు అని నవ్వాడు.

గాళ్ళు కంచె కిందుగా దూరి నేరుగా సమాధుల తోట వైపు పోయాయి. ఫోటోలు తీశాను. టేపుతో కొలిచాను.

ఆగస్టు 19, ఉదయం 10.20

సీనియర్ గారు ఫోన్ చేశారు. తిరుపతిలో ఇరుక్కుపోయాను, గ్రేసమ్మ కేసులో వాయిదా అడిగేయ్ అన్నారు.

అదే రోజు, మధ్యాహ్నం 1.30

ఇది ఇప్పుడే రాయాలి.

లేచాను. నోరు తెరవకముందే జడ్జి మేడమ్ ఫైలు మూసి, ఇంకెన్ని వాయిదాలమ్మా, ఇప్పుడే వాదించండి, లేదంటే పిటిషన్ కొట్టేస్తాను అన్నారు. వెనక్కి చూశాను. అవ్వ చివరి బెంచీ మీద ఉంది. నాలుగు వేళ్ళు ఎత్తి చూపించింది. ఆ రోజు నాయన చేసింది కంచె పక్కనుంచి చూసిందట!

మొదటి వాక్యం నత్తి నత్తిగా వచ్చింది. రెండోదానికి అవతలి వకీలు నవ్వాడు. బండ మీది గాళ్ళు ట్రాక్టరు జాడలన్నాడు. అంతే. కండక్టరు మీద లేచిన కోపమే లేచింది. ట్రాక్టరు టైరు నాలుగు వేళ్ళ గాడిలో పడుతుందా అని అడిగాను. ఫోటోలు ఇచ్చాను. కొలతలు చదివాను. మనుషులు అబద్ధం చెప్పొచ్చు, బండరాయికి ఆ అవసరం లేదన్నాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు.

చివర్లో గట్టిగా, తలెత్తి, అందుచేత వాయిదా కోరుతున్నాం యువర్ ఆనర్ అన్నాను!

హాలంతా ఘొల్లుమంది. మేడమ్ కూడా నవ్వుతూ, వాయిదా కావాలా, బాట కావాలా అని అడిగారు.

బాటే మేడమ్.

బాటను చూసి రిపోర్టు ఇవ్వమని కోర్టు తరఫున ఒక వకీలును కమిషనర్‌గా వేశారు.

ఆగస్టు 20

చెప్పింది చేయలేదని సీనియర్ గారు పది నిమిషాలు తిట్టారు. తర్వాత కాఫీ తెప్పించారు. రెండు కప్పులు. ఇంకో కేసు కట్ట నా ముందుకు తోసి, ఇది నువ్వే వాదించు అన్నారు.

సెప్టెంబరు 13

కమిషనర్ వచ్చాడు. ఆయన వేళ్ళు లావు. మూడే పట్టాయి. నాయన పడీపడీ నవ్వాడు.

అక్టోబరు 17, శుక్రవారం

ఆర్డరు వచ్చింది. కేసు తేలేవరకు బండి పట్టేంత కంచె తీసేయాలి. బార్ రూములో పెద్ద వకీలు కుప్పుస్వామి గారు, వాయిదా పాపా అని పిలవబోయి నాలుక కరుచుకున్నారు.

నవంబరు 2, సమాధుల పండుగ

కాలనీ అంతా బాట మీదే ఉంది. పూలు, కొవ్వొత్తులు, పిల్లల అరుపులు. అవ్వ బండ మీద ఆగి చెప్పులు విడిచి గాడిలో కాలు పెట్టి నడిచింది. సమాధి దగ్గర భర్తకు నన్ను చూపించి, ఇదో, ఈ పాపే, మొదట్లో నోరు లేదులే అని చెప్పింది.

నవంబరు 10, సోమవారం

గ్రేసమ్మ అవ్వ కేసు పిలిచారు. అవతలి వకీలు లేచి వాయిదా అడిగాడు.

నేను లేచాను. అభ్యంతరం ఉంది, యువర్ ఆనర్.