గంజి గుడ్డతో తుడిచిన కారద్దం

డిసెంబరు 12, 2006. ఏలూరు.

ఉండి ఊరి నుంచి వస్తుంటే ఎదురెండకు కారు ముందద్దమంతా చారలే. మా ఆయన తిన్నగా చేపల చెరువులోకి దించబోయారు. తప్పు నాదే. లోపలివైపు గంజి పెట్టిన పాత చీర ముక్కతో తుడిచాను. ముప్పయ్యేళ్లు సైన్సు చెప్పిన బుర్ర ఇది. ఇంటికొచ్చి తడిగుడ్డతో గంజి వదలగొట్టి, పొడి పేపరుతో నడుం పడిపోయేదాకా రుద్దాను.

"ఏవండీ, ఇంకా రుద్దితే గాజు అరిగిపోతుంది. స్టీరింగు ముందు కూర్చుని చూడండి."

"మసగ్గానే ఉందోయ్. సరిగ్గా తుడవలేదు నువ్వు."

ఆయన దిగాక అదే సీట్లో కూర్చున్నాను. ఎదురింటి గేటు మీద పేరు అక్షరం అక్షరం కనిపించింది. కంటి డాక్టరంటే అలుగుతారు. రేపు గూడెం ఊరికి కారు తనే నడుపుతారట. తాళాలు నా దిండు కింద పెట్టుకున్నాను. పొద్దున్నే అడుగుతారు.