కలరా ఉండల ఇంధనం

మదీనాగూడ,
శుక్రవారం సాయంత్రం.

అక్కయ్యకు తమ్ముడు రఘు నమస్కారాలు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. సింధు నిశ్చితార్థం హడావుడిలో పడి నీ మందులు మానకు. నేను బాగానే ఉన్నాను.

ఈరోజు ఆఫీసులో మా ఇంజను పరీక్షలకు ఆఖరి రోజు. పాడైంది. చెప్పులపెట్టెంత ఉపగ్రహాన్ని ఆకాశంలో కాస్త పక్కకు జరిపే ఇంజను మాది. అగ్గిపెట్టెంత ఉంటుంది. ఇంధనం నాఫ్తలీన్, అంటే బీరువాలో వేసే కలరా ఉండల సరుకే. వెచ్చబెడితే కరగకుండానే ఆవిరై, వెంట్రుకంత రంధ్రంలోంచి పోతుంది. అది తోసే బలం చేతిమీద దోమ వాలినంత కూడా ఉండదు. దాన్ని కొలిచే త్రాసు, పక్క స్థలంలో బండ పగలగొట్టినా ఊగుతుంది, లిఫ్టు కదిలినా ఊగుతుంది. లిఫ్టు ఆపించి అందరిచేతా తిట్లు తిన్నాను.

ఇవాళ త్రాసు ఊగలేదు. ఇంజనే పనిచేయలేదు. విప్పి చూస్తే రంధ్రం నిండా జిడ్డు. అసలు సరుకు ఆలస్యమైందని, కొనుగోళ్లు చూసే ప్రవీణ్ ఫోన్లో ఆర్డరిచ్చి ఇళ్లలో వాడే ఉండలు తెప్పించి, పొడి కొట్టి సీసాలో పోశాడట.

"గులాబీ సెంటువి సార్. మామూలు వాటికన్నా మంచివి."

"పైన గాలే లేదు ప్రవీణ్. వాసన ఎవరికి?"

"అదీ నాఫ్తలీనే కదండీ!"

అరవాలనిపించింది. సీసా మూత బిగించాను. రోజంతా ఆ ఘాటులో ఉండి నా ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. కింద సెక్యూరిటీ యాదగిరి మాత్రం పట్టేశాడు.

"ఏంది సారూ, ఇయ్యాల గులాబీ వాసనొస్తున్నరు? రోజూ పాత చీరల బీరువా తెరిచినట్టుంటుండె గదా!"

నవ్వి బయటికొచ్చాను. వాన. రోడ్డు నిండా కదలని కార్లు.

బస్సులో నీ మాట గుర్తొచ్చింది. "ఒరేయ్, సరళ బీరువాలో ఉండలు ఎప్పుడో హరించుకుపోయుంటాయి. చీరలకు పురుగు పడుతుందిరా." ఏ వేడికి ఎంత ఆవిరవుతుందో లెక్కగట్టడమే నా ఉద్యోగం. ఆ బీరువా సంగతి ఒక్కసారీ లెక్కగట్టలేదు. సరళ పోయాక కాలేజీ ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చినప్పుడు, వేసిన తాళంతోనే లారీ ఎక్కించాను. ఇప్పటికీ అలాగే ఉంది.

నిశ్చితార్థానికి సరళ అత్తయ్య ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంటానని సింధు అడుగుతూనే ఉంది. ఫోన్లో "చూస్తాను" అని పెట్టేస్తున్నాను. అందుకే రాస్తున్నాను. ఈ కాగితం చీర మడతలోనే పెడతాను. పురుగు కొట్టి ఉన్నా పంపుతాను. చిల్లులకు రఫ్ఫు చేయించు. ఏమీ అనుకోవద్దని సింధుకు చెప్పు.

తిండికి లోటు లేదు. ఇంటి కిందే కర్రీ పాయింట్ ఉంది. తింటున్నాను. నిజంగానే తింటున్నాను. గోంగూర పచ్చడి పంపితే కారం తగ్గించు.

మీ అత్తగారికి నమస్కారాలు, సింధుకు ఆశీస్సులు. నన్ను దీవించు. రేపు శనివారమైనా ఇంజను కడగడానికి రమ్మన్నారు. అది తర్వాత. పొద్దున్నే స్నానం చేసి, ముందు బీరువా తెరుస్తాను.

నీ తమ్ముడు,
రఘు