రాయ్నా అవ్వ గేటు

మార్చి 4

ఈ రోజు వ్యాన్ మీద మా ఆయన పేరు పక్కన నా పేరు రాశాను. ఆయన పేరు చెరిపేసి రాయాల్సింది, చెయ్యి రాలేదు. ఇప్పుడు "ఆసెన్, మిల్కా, ఇళ్లకు రంగులు" అని ఉంది. ఒకరు మట్టిలో, ఒకరు నిచ్చెన మీద. బోజిల్ చూసి, బావుంది వదినా, సగం కంపెనీకి భోజనం పెట్టే పని లేదు అన్నాడు. నవ్వాను. ఆయన పోయిన నవంబర్ తర్వాత ఇదే మొదటిసారి అనుకుంటా.

బోజిల్ మా ఆయనతో పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. నేను కుట్టు ఫ్యాక్టరీ మూతపడ్డాక మూడేళ్లు లప్పం కలిపిపెట్టాను. అంతే నా అనుభవం.

మార్చి 5, మధ్యాహ్నం

చెల్లెలు గింకా ఇటలీ నుంచి ఫోన్ చేసింది. అక్కడ ఒక ముసలాయన్ని చూసుకునే పని ఉందట. మంచం కూడా ఉందక్కా, కిటికీ పక్కనే అంది. శీతాకాలం లోపు ఇక్కడ నిలదొక్కుకోలేకపోతే వస్తానన్నాను.

ఈ లోమ్ ఊళ్లో నా ఈడు ఆడవాళ్లు ఎంతమంది మిగిలారు? అందరూ పరాయి ముసలాళ్ల మూతులు తుడవడానికి పోయినవాళ్లే. నేను పోను. నా ఇల్లు వదిలి పోను.

మార్చి 29

రెండు వంటగదులు, ఒక మెట్లదారి. ఒక గోడ అంచు వంకర పోయింది. ఇంటావిడ చూడలేదు. బోజిల్ చూసి, తనే సరిచేశాడు.

ఏప్రిల్ 22

ఈస్టర్ ముందు అందరి ఇళ్లూ మెరవాలి. ఫోన్ ఆగడం లేదు. ఏడు ఇళ్లు ఒప్పుకున్నాను. రాయ్నా అవ్వ గేటు కూడా. అవ్వ మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉంది. తిరిగొచ్చేసరికి గేటు కొత్తదానిలా ఉండాలందట, పక్కింటావిడ తాళం ఇచ్చి చెప్పింది.

భుజాలు పడిపోతున్నాయి. సంతోషంగా ఉంది. మర్చిపోతానేమోనని రాసి పెడుతున్నాను.

ఏప్రిల్ 24

బోజిల్ వేరే ఇంట్లో ఉన్నాడు. గేటు ఒక్కదాన్నే చేశాను.

దాని మీద అవ్వ మొగుడు కోల్యో తాత చావు కాగితాలు, మనిషి పోయాక ఫోటోతో అచ్చేయించి ఇంటి గేటుకి అంటించేవి. నలభయ్యో రోజుది, ఆర్నెల్లది, ఏడాదిది, అలా పదకొండేళ్లవి ఒకదాని మీద ఒకటి, అట్టలా ఉబ్బిపోయి ఉన్నాయి. పైదాని మీద ఫోటో ఎండకి తెల్లబడిపోయింది, ముఖమే లేదు. కింద తుప్పు. తుప్పు మీద రంగేస్తే ఏడాదిలో పెచ్చులు లేస్తుంది. అవ్వ ఎలాగూ కొత్తది అంటిస్తుంది కదా అనుకుని స్క్రేపర్ పెట్టాను. తర్వాత వైర్ బ్రష్, ప్రైమర్, ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ రెండు కోట్లు. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. ఇంత బాగా నేనెప్పుడూ వేయలేదు. ఆసెన్ చూసుంటే బాగుండేది.

ఏప్రిల్ 27

రాయ్నా అవ్వ వచ్చింది. టాక్సీ దిగి, కర్ర మీద ఆనుకుని, మా కోల్యో ఏడీ అంది. ముఖం చెరిగిపోయింది అవ్వా, ఏమీ కనబడటం లేదు, అందుకని, అన్నాను. నీకు కనబడలేదేమో, నాకు కనబడేవాడు అంది. రోజూ పొద్దున రొట్టెకి వెళ్తూ ఆయనకి చెప్పి వెళ్లేదట. నువ్వూ మొగుడు పోయినదానివే కదే అంది.

వీధంతా గుమ్మాల్లో నిలబడి వింది. అవ్వ నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

మా గేటు మీద ఆసెన్ ఉన్నాడు. నలభయ్యో రోజున నేనే అంటించాను. అదే చేత్తో అక్కడ గీకాను.

మే 3

ఆ కాగితాలేం చేశావ్ వదినా అని బోజిల్ అడిగాడు. చెత్తలో వేశాను, బండి వచ్చి తీసుకుపోయింది. తల పట్టుకున్నాడు. ఆసెన్ ఎప్పుడూ కాగితమంత చోటు వదిలేసి చుట్టూ రంగేసేవాడు, తెలీదా అన్నాడు.

తెలీదు. లప్పం కలిపేదానికి ఎవరు చెప్తారు?

మే 6

పక్కింటావిడ దగ్గర కోల్యో తాత ఫోటో ఒకటి దొరికింది, ఏదో పెళ్లిలో చేతిలో గ్లాసుతో. ప్రింటింగ్ షాపులో కొత్త కాగితం వేయించాను. మైదా ఉడికించి, జిగురు పూసి, గేటుకి అంటించాను. అవ్వ కిటికీలోంచి చూసింది.

మే 7, పొద్దున

కాగితం జారి బురదలో పడింది. బోర్లా. నా రంగు అంత నున్నగా ఉంది మరి. అవ్వ వంగలేక అలాగే నిలబడి చూస్తోంది. పరిగెత్తి తీశాను. ఇక చాలమ్మాయ్, మా ఆయన్ని ఇంకెన్నిసార్లు పడేస్తావ్ అంది.

మే 9

ఆసెన్‌కి ఆర్నెల్లు. మా గేటుకి కాగితం అంటించాను. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకున్నాను.

మే 19

రమ్మన్నవాళ్లలో ఇద్దరు పని వద్దన్నారు. రొట్టెల కొట్లో నా పేరు ఇప్పుడు చావు కాగితాలు చింపేది. చచ్చిన మొగుడి పేరు వ్యాన్ మీదేసుకుని ఎలా తిరుగుతోందో చూడు, సిగ్గు లేకుండా, అంటున్నారట.

జూన్ 8

ఫోన్ మోగలేదు.

జూన్ 30

మోగింది. గింకా.

ఆగస్టు 2

బోజిల్ రేవులో పనికి కుదిరాడు. చెప్పడానికి వచ్చి లోపలికి రాలేదు. నీ మీద కోపం లేదు వదినా, మా పొయ్యిలో పిల్లి లేవాలి కదా అన్నాడు. రోలర్లన్నీ కడిగి, ఆరబెట్టి వెళ్లాడు.

రోజూ డబ్బాల మూతలు తీసి చూస్తున్నాను. రంగు మీద పొర కడుతోంది. తల దువ్వుకుని ఎన్నాళ్లైందో. ఆసెన్ మీద కోపం వస్తోంది. ఆ ఒక్క ముక్క నాకు చెప్పి పోవచ్చుగా. పద్దెనిమిదేళ్లు బోజిల్‌కి చెప్పావు, నాకు చెప్పలేదు.

సెప్టెంబర్ 14

రాయ్నా అవ్వ వీధిలోంచి వెళ్లాను. గేటు మెరుస్తోంది, ఒక్క పెచ్చు లేవలేదు. అవ్వ రొట్టెకి బయల్దేరింది. గేటు దగ్గర ఆగింది. ఆ నున్నటి ఆకుపచ్చ వైపు తిరిగి ఏదో చెప్పింది. జవాబు కోసమన్నట్టు కాసేపు నిలబడి, వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి, వస్తున్నానని గింకాకి చెప్పాను.

సెప్టెంబర్ 23

రేపు బస్సు. మిగిలిన ఆకుపచ్చ మా గేటుకి వేశాను, ఆసెన్ చుట్టూ. నవంబర్‌లో పెట్టాల్సిన ఏడాది కాగితం ఈ రోజే అంటించాను. నిలిచింది.

పక్కన నాకూ ఒక కాగితమంత చోటు వదిలాను.