పడవ అమ్మనివ్వని బావకి

బావా,

ఇందుమూలంగా జాలరిపేట జనులందరికీ చాటించడమేమనగా, నువ్వు బతికుండగా నన్ను ముట్టుకోనివ్వని నీ సైకిలు గంట నేటి నుంచి నా సొంతం. ఎవడూ పేచీ పెట్టరాదు!

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీకిష్టమని మా అప్ప, అదే నీ పెళ్లాం, నెత్తళ్ల చేపల కూర వండి ఆకులో పెట్టింది. తను మాత్రం ముట్టుకోలేదు.

"ఒరే, నీ బావ వద్దన్నా పడవ అమ్మీసి ఆ కొత్త మందు ఏయించుంటే బతికేవోడేటి?" అంది.

నీ అరికాలి నల్లమచ్చని పడవకి పూసే తారనుకుని కిరసనాయిలుతో రుద్దినవాణ్ణి, నేనేం చెప్పను? మెలనోమా అనే చర్మ క్యాన్సరని తెలిసేసరికి అది ఊపిరితిత్తుల దాకా పాకింది. పడవ అమ్మినా ఆ డబ్బు కొత్త మందు కొన్ని సూదులకే సరిపోయేది. అందుకే పాత కీమో ఎక్కించారు. వాంతుల మధ్యే నువ్వు "పడవ జోలికెల్తే సంపీగల్ను" అనేవాడివి.

"బెంగెట్టుకోకప్పా. నిన్న పెద్ద డాక్టర్ని అడిగేను. ఆ మందు బావకి పన్సేసేదే కాదన్నాడు" అన్నాను.

అప్ప కంచం దగ్గరికి లాక్కుంది. తర్వాత ముద్ద కలుపుకుంది.

డాక్టరు మాట నేను కల్పించిందే బావా. ఆసుపత్రి గేటు దాకా వెళ్లాను. పనిచేసేదంటాడేమోనని భయమేసి వెనక్కొచ్చేశాను.